తాళ్ళపాక అన్నమాచార్యులవారు: మనుమడు వ్రాసిపెట్టిన తాతగారి చరిత్ర

మన గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు నిండి రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ శుభసమయమున, సంచికకొక మహనీయుని జీవితమును వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. గ్రామపు లెక్కలు వ్రాసికొని బ్రదుకువాడను. పగలు అంకెలతోను, రాత్రి భారత భాగవతములతోను కాలము గడుపుట నాకు అలవాటు. గురుముఖమున నేర్చినది స్వల్పము. ఈ గ్రంథాలయపు బీరువాలలోని పుస్తకములే నాకు గురువులు. కావున ఇందలి లోపములను చదువరులు మన్నింతురుగాక.

ఎవరి జీవితము వ్రాయుదునా యని చాల దినములు ఆలోచించితిని. రాజుల చరిత్రలు పెక్కు కలవు. వానిని వ్రాయుటకు ఆస్థానములలో కవులుండిరి. కాని ఒక ఇంటి పెద్దను గూర్చి, ఆ ఇంటివారే భక్తితో తలచుకొని వ్రాసిన చరిత్ర తెలుగున అరుదు. అట్టిదొకటి మనకు లభించియున్నది. తాళ్ళపాక అన్నమాచార్యులవారి జీవితమును వారి మనుమడగు చిన్నన్న, అనగా తిరువేంగళనాథుడు, ద్విపదలో అన్నమాచార్య చరిత్రము అను పేర రచించెను. తన ఇంట తరతరములుగా చెప్పుకొనుచుండిన మాటలను ఆతడు పోగుచేసి పెట్టెను. ఆ మనుమని చేతివ్రాతయే లేకున్న, ఆ తాతగారు ఎట్లు పెరిగిరో, ఏమి కష్టపడిరో మనకు తెలిసియుండెడిది కాదు. నేను చెప్పబోవు కథలో చాలభాగము ఆతడు చెప్పినదే.

తాళ్ళపాక యనునది రాజంపేట సమీపమున నున్న పల్లె. అచ్చట నందవరీక బ్రాహ్మణ కుటుంబమున నారాయణయ్య యను నొకరుండిరి. బాల్యమున ఆయనకు చదువు ఒంటబట్టలేదు. తండ్రి ఆ బాలుని ఊటుకూరున బంధువులయొద్ద ఉంచి చదివించెను. గురువు ఎంత దండించినను అక్షరము నిలువలేదు. అవమానము సహింపలేక ఆ పసివాడు ప్రాణము తీసికొన నెంచి, చింతలమ్మ గుడియొద్ద పాము పుట్టలో చేయి పెట్టెనట. అప్పుడు అమ్మవారు ప్రత్యక్షమై, నీ మూడవ తరమున హరిభక్తుడొకడు పుట్టును, నీకేల ఈ దిగులని ఊరడించి పంపెనట. ఆ నారాయణయ్యయే అన్నమాచార్యులవారికి తాత. చదువురాని పిల్లవానితో మొదలైన వంశకథ ఇది. పాఠశాలలో వెనుకబడిన బిడ్డను చూచి నిరాశపడు తల్లిదండ్రులు దీనిని జ్ఞప్తియందుంచుకొనదగును.

నారాయణయ్య కుమారుడు నారాయణసూరి, కోడలు లక్కమాంబ. చాలకాలము సంతానము లేక ఆ దంపతులు తిరుమలకేగి వేంకటేశ్వరుని ప్రార్థించిరి. స్వామి ఖడ్గమగు నందకము వారికి ప్రసాదింపబడినట్లు తోచెననియు, పిదప 1408వ సంవత్సరమున అన్నమయ్య జన్మించెననియు పెద్దలందురు. అందువలననే ఆయనను నందకాంశ సంభూతుడని కొనియాడుదురు.

ఆ ఇల్లు ఉమ్మడి కుటుంబము. పిల్లవాడు ఎప్పుడును పాడుచుండెడివాడు. పని యెడ మనసు నిలుపడని ఇంటివారు విసుగుకొనిరి. ఒకనాడు పశువులకు గడ్డి కోసికొని రమ్మని కొడవలి యిచ్చి పంపిరి. కోయుచుండగా చిటికెనవ్రేలు తెగెను. నెత్తురు కారుచున్న వ్రేలిని చూచుకొని ఆ బాలుడు తల్లి యెవరు, తండ్రి యెవరు, నాకు వేంకటేశ్వరుడే దిక్కుగాని ఈ ఇంటితో నాకేమి పని యని కొడవలిని అచ్చటనే విడిచి, త్రోవను పోవుచున్న యాత్రికుల గుంపుతో కలిసి తిరుపతికి బయలుదేరెను. ఇంట చెప్పలేదు, సెలవు గైకొనలేదు. గొప్పవారి జీవితములలోను ఇట్టి కోపతాపములు కలవని మనుమడు దాచక వ్రాసెను. అందుకే ఆ పుస్తకము నాకు ప్రియము.

కొండ ఎక్కుచు మోకాళ్ళ పర్వతమువద్ద ఆ బాలుడు ఆకలితో సొమ్మసిల్లి, వెదురు పొదక్రింద బండపై నిద్రించెను. కాళ్ళకు చెప్పులుండెను. అలమేలుమంగమ్మ పెద్దముత్తైదువ రూపమున వచ్చి, ఈ కొండయంతయు సాలగ్రామ మయము, చెప్పులు విడిచి ఎక్కుమని బోధించి, ప్రసాదము తినిపించెనట. ఆ ఆనందమున ఆయన అచ్చటనే అమ్మవారిపై నొక శతకము చెప్పెనని మనుమడు వ్రాసినాడు. పిదప స్వామిని దర్శించి పాడెను. ఘనవిష్ణువను వైష్ణవయతి ఆయనకు పంచసంస్కారములు చేసి వైష్ణవదీక్ష యిచ్చెను.

ఇచ్చట తల్లి సంగతి చెప్పవలెను. కొడుకు కనబడక లక్కమాంబ వెదకుచు తిరుమలకు వచ్చెను. ఇంటికి రమ్మని వేడెను. ఆయన మొదట ఒప్పుకొనలేదు. గురువు పొమ్మని ఆజ్ఞాపించిన పిదప తాళ్ళపాకకు తిరిగి వచ్చి గృహస్థుడయ్యెను. తిరుమలమ్మ, అక్కలమ్మ అనువారిని వివాహమాడెను. ఈ తిరుమలమ్మయే సుభద్రాకల్యాణమును రచించిన తిమ్మక్క. తెలుగున కవిత్వము చెప్పిన తొలి స్త్రీగా ఆమెను పలువురు పేర్కొందురు. పిదప అన్నమాచార్యులవారు అహోబలమున శఠకోపయతులను సేవించి వేదాంతము నభ్యసించిరి. కొడవలి విసరి ఇల్లు విడిచిన బాలుడు, భార్యలతోను బిడ్డలతోను సంసారము సాగించుచునే తొంబదియైదేండ్లు భక్తుడుగా జీవించెను. భక్తికి ఇల్లు అడ్డము కాదని ఆయన జీవితమే సాక్ష్యము.

ఆయన కీర్తి విని, టంగుటూరు నేలుచుండిన సాళువ నరసింహరాయలు ఆయనను గౌరవముతో పిలిపించుకొనెను. ఈ నరసింహరాయలే తరువాత 1485 మొదలు 1491 వఱకు విజయనగరమును పాలించినవాడు. ఒకనాడు ఆచార్యులవారు స్వామిపై చెప్పిన శృంగారపదమొకటి విని రాయలు పరవశుడై, అట్టి పదమునే తనపై చెప్పుమని కోరెను. ఆచార్యులవారు చెవులు మూసికొని, హరిని పొగడు నోటితో నరుని పొగడజాలనని నిరాకరించిరి. రాయలు కోపించి సంకెలలు వేయించెను. ఆయన స్వామిని తలచి పాడగా సంకెలలు ఊడిపడెననియు, రాయలు పశ్చాత్తాపపడి క్షమింపుమని వేడెననియు చరిత్రము చెప్పుచున్నది. సంకెలలు ఊడుట నమ్ముట, నమ్మకుండుట వారివారి ఇష్టము. కాని తనకు అన్నము పెట్టుచున్న ప్రభువు ఎదుట ఒక మాటకు కాదనుట ఎంత కష్టమో, కొలువు చేసినవారికి తెలియును. ఆ కాదనుటయే నాకు పెద్ద మహిమగా తోచును.

ఇక ఆయన చేసిన పని. పదునారవ ఏట, అనగా శకవర్షము 1346 క్రోధి సంవత్సరమున, క్రీస్తుశకము 1424లో, స్వామి ఆయనకు సాక్షాత్కరించెననియు, నాటినుండి శకవర్షము 1424 దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి వఱకు ఆయన సంకీర్తనలు చెప్పెననియు రాగిరేకుపై వ్రాసియున్నది. ఆ తుది దినము 1503 ఫిబ్రవరి 23వ తేదీ. మొత్తము ముప్పదిరెండువేల సంకీర్తనలని మనుమడు లెక్క చెప్పెను. లెక్కలవాడను గనుక నేనును కాగితముపై వేసి చూచితిని. డెబ్బదితొమ్మిది సంవత్సరములకు దినములు ఇరువదియెనిమిది వేల ఎనిమిదివందలకు పైచిలుకు. దినమునకొక పాట చొప్పున ఒక్కనాడైనను తప్పక చెప్పినను ముప్పదిరెండువేలకు చాలదు. అనగా పండుగయని, జ్వరమని, ఇంట శుభాశుభములని ఒకదినమైనను మానక, పెక్కు దినములు ఒకటికి మించి చెప్పియుండవలెను. మనము ఒక నెల దినములు విడువక ఏ మంచిపనినైన చేసి చూచిన, దీనిలోని శ్రమ తెలియును.

ఆ పాటలు పండితులకు మాత్రమే చెప్పినవి కావు. దంచువారి సువ్విపాట, తల్లుల లాలిపాట, పడవవారి ఏలపాట, ఆటగత్తెల జాజర, కోలాటము, గొబ్బి - ఇట్టి పల్లెపాటల నడకలన్నియు ఆయన గైకొని స్వామికి సమర్పించెను. దైవము నెదుట రాజును బంటును, ఎక్కువకులమువాడును తక్కువకులమువాడును ఒక్కటే యని అయిదువందల యేండ్లకు పూర్వమే పాడెను. సంకీర్తన ఎట్లుండవలెనో తెలుపు లక్షణగ్రంథమును సంస్కృతమున వ్రాసెను. పల్లవి, చరణములు గల పాటకు మార్గము తీర్చినందున ఆయనను పదకవితాపితామహుడని పిలుచుట రూఢియైనది.

మన నారాయణఖేడు ప్రాంతమువారికి మరియొక సంగతి చెప్పవలెను. మన తాలూకా 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రమున బీదరు జిల్లాలోనిది. ఆ సంవత్సరముననే మెదకు జిల్లాలో చేరినది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. సరిహద్దు పల్లెలవారమగుటచే మన భజనలలో తెలుగు పాటల సరసన కన్నడ దాసరపదములును, మరాటీ అభంగములును వినబడును. కన్నడమున పదములు చెప్పిన పురందరదాసు తిరుమలకు వచ్చి అన్నమాచార్యులవారిని దర్శించెననియు, ఇరువురు ఒకరినొకరు మెచ్చుకొనిరనియు చిన్నన్న వ్రాసినాడు. భాష వేరైనను భక్తి యొకటే యని మనము నోటితో చెప్పుకొను మాటను, ఆ మహనీయులు నడిచి చూపిరి.

ఆచార్యులవారు అవసానకాలమున కుమారుడగు పెదతిరుమలాచార్యులను పిలిచి, నిత్యము స్వామికి పాట సమర్పించు నియమమును నీవు సాగింపుమని అప్పగించిరట. పొలము పుట్ర పంచియిచ్చు తండ్రులు కలరు. అప్పును అప్పగించు తండ్రులును కలరు. పాట పాడు పనిని ఆస్తిగా ఇచ్చిన తండ్రి ఈయన. కుమారుడు ఆ ఆస్తిని చెడగొట్టలేదు. తానును సంకీర్తనలు చెప్పెను. మనుమడు చినతిరుమలాచార్యులును చెప్పెను. మూడు తరములు ఒక్క వ్రతము సాగినది. ఆ చినతిరుమలాచార్యుల సోదరుడే మన చిన్నన్న. ద్విపద చెప్పుటయందు ఆతనికి సాటి లేదని నాడు ప్రసిద్ధి. పరమయోగివిలాసము, అష్టమహిషీకల్యాణము, ఉషాకల్యాణము ఆతని ఇతర కృతులు.

పెదతిరుమలాచార్యులు చేసిన పెద్దపని వేరొకటి కలదు. తాటాకు చెదలకు, అగ్గికి, వానకు లోబడునది. అందుచేత తండ్రి పాటలను రాగిరేకులపై చెక్కించెను. ప్రతిపాటకు రాగము పేరు వ్రాయించెను. అధ్యాత్మ సంకీర్తనలను, శృంగార సంకీర్తనలను వేరుచేసి అమర్చెను. మన దస్తరములలో ఒక్కొక్క ఊరి కాగితములు వేరువేరు మూటలు కట్టి పెట్టినట్లు, అంత శ్రద్ధగా పెట్టెను. తిరుమల ఆలయములోనే ఆ రేకులకొక చిన్న రాతిగది ఏర్పడినది. దానికే సంకీర్తన భాండారమని పేరు. దానికి ఇరువైపుల చెక్కియున్న మూర్తులు ఆ తండ్రికొడుకులవే యని పెద్దలందురు. అక్షరములను దాచుటకు కట్టిన గది గనుక, దానిని మన గ్రంథాలయములకు పూర్వజుడని నేను తలంతును.

ఐనను కాలము బలీయమైనది. విజయనగరము పతనమయ్యెను. తాళ్ళపాకవారి ప్రాభవము తగ్గెను. పాడువారు తగ్గిరి. గది తలుపు మూతబడి, లోపల నేమున్నదో లోకము మరచెను. నిత్యము వేలకొలది భక్తులు ఆ గోడ ప్రక్కనుండియే నడిచిపోయిరి. ఎంత భక్తి గలవారైనను లోపలి రేకు చదువువాడు లేనిదే పాట నోరు తెరువదు గదా! 1922 ప్రాంతమున ఆ రేకులు వెలుగులోనికి వచ్చినవి. వానిలో లభించినవి రెండువేలకు పైబడిన రేకులు. దేవస్థానమున శాసనములు పరిశీలించుచుండిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు వానిని పరిశోధించి వాని విలువను లోకమునకు తెలిపిరి. పిదప వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వానిపై పనిచేసి, చిన్నన్న రచించిన అన్నమాచార్య చరిత్రమును విపులమగు పీఠికతో 1949లో వెలువరించిరి. మరుసటి సంవత్సరమే ఆయన పరమపదించిరి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు పాటలను పరిష్కరించి, కొన్నింటికి స్వరములు కూర్చిరి. తిరుమల తిరుపతి దేవస్థానమువారు 1978లో అన్నమాచార్య ప్రాజెక్టును స్థాపించిన తరువాత ఆ పాటలు ఊరూర వినబడసాగెను. నేడు మన ఊళ్ళలో తెల్లవారుజామున గుడి మైకునుండి వినబడు పాటలలో అన్నమయ్యవి తప్పక యుండును.

లెక్క మరల చూతము. చెప్పినవి ముప్పదిరెండువేలు. దొరకినవి సుమారు పండ్రెండువేలు. అనగా ప్రతి ఎనిమిదింటిలో మూడు మిగిలినవి, అయిదు పోయినవి. రాగిపై చెక్కించిన కొడుకు, చరిత్ర వ్రాసిన మనుమడు, గుడిలో గది - ఇన్నియు గలవారి సొత్తులోనే ఇంత నష్టము కలిగెను. ఇక ఏమియు వ్రాసిపెట్టని ఇండ్లలోని నష్టమునకు మితి యెక్కడిది?

ఇచ్చట నా ఇంటి మాట యొకటి చెప్పి ముగింతును. మా తాతగారు నైజాము కాలమున పట్వారీగిరి చేసినవారు. ఉర్దూలో లెక్కలు వ్రాసెడివారు. కోడికూతకు లేచి, చన్నీటి స్నానము చేసి, తులసికోట యెదుట కూర్చుండి గొంతెత్తి పాడెడివారు. ఆ పాటలలో కొన్ని పుస్తకములలోనివి, కొన్ని ఆయన సొంతముగా కట్టుకొన్నవి. పొలమునకు పోవువారు గుమ్మము ముందాగి విని, దండము పెట్టి పోయెడివారు. చిన్నతనమున నేను దుప్పటి ముసుగులోనుండి వినుచు, మరల నిద్రపోయెడివాడను. నేడు ఎంత తలచుకొన్నను మూడు పాటలే జ్ఞప్తికి వచ్చును. అవియును సగము సగము. ఒక పాటకు పల్లవి లేదు, ఒకదానికి చివరి చరణము లేదు. ఆయన చేతివ్రాతలో మా ఇంటనున్నవి పహాణీలు, శిస్తు రశీదులు, హద్దుల వివరములు. ఏ సర్వే నంబరున ఎన్ని గుంటలో వెదకిన దొరకును. ఆయన పాట మాత్రము దొరకదు. వ్రాత వృత్తిగా గల ఇంటివారమై యుండియు, ఊరివారి భూములన్నియు వ్రాసితిమి, మా తాతగారి పాటను వ్రాయమైతిమి. చిన్నన్న గ్రంథమును చదివిననాడు నాకు మొదట కలిగినది ఆనందము కాదు, సిగ్గు.

అన్నమాచార్యులవంటి వారు ప్రతి ఇంట పుట్టరు. నిజమే. కాని చిన్నన్నవంటి మనుమడు కావలెనన్న వరప్రసాదము అక్కరలేదు. కాగితము, కలము, పెద్దలయొద్ద కూర్చుండు ఓపిక యున్న చాలును. మన ఊళ్ళలో ఏకాదశి భజన నడిపించినవారు, బోనముల పాటలు పాడు అవ్వలు, నాట్లు వేయుచు పాడు అమ్మలు, మరాటీ అభంగము తెలుగు అభంగము కలిపి పాడు తాతలు నేటికిని ఉన్నారు. వారు చదువుకొనలేదని మనము తక్కువ చూడరాదు. వంశమున మొదటివాడగు నారాయణయ్యకును చదువు రాలేదు.

కావున ఈ రజతోత్సవ సందర్భమున నా వంతుగా తెల్లకాగితముల లెక్కపుస్తకములు నాలుగింటిని గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. మొదటిదానిలో మొదటి పుటలయందు మా తాతగారి మూడు సగము పాటలు వ్రాసితిని. తెలియని చరణములకు చోటు వదలితిని. వాని నెరిగిన వృద్ధులెవరైన ఉన్నయెడల దయచేసి వచ్చి పూరింపుడు. తక్కిన పుటలు మీవి. మీ ఇంటి పెద్ద పేరు, ఊరు, ఆమె లేక ఆయన పాడిన పాట, చెప్పిన మాట, చేసిన మంచి వ్రాసిపెట్టుడు. వ్రాయుట రానివారు వచ్చి చెప్పిన, సాయంకాలము దీపము పెట్టిన తరువాత నేను గ్రంథాలయముననే యుందును, వ్రాసికొందును. యాబదేండ్లకు స్వర్ణోత్సవము జరుగునాడు మన మనుమలు ఆ పుస్తకములను తెరచి చదువుదురుగాక.